తుప్పు – నిప్పు

అంతర్వేది, ఓడలరేవు వంటి తీరగ్రామాలలో ఇనుప కిటికీ చువ్వలు ఎక్కువకాలం నిలువవు. ఉప్పుగాలి సోకిన ఇనుము ఎర్రబారి, పొరలుగా లేచి, చివరకు వేలితో తాకినా పొడిగా రాలుతుంది. మనం తుప్పు అనే దీనిని రసాయన శాస్త్రం ఆక్సీకరణం అంటుంది. ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయి. తేమ ఉన్నచోట గాలిలోని ఆక్సిజన్ వాటిని గ్రహిస్తుంది. కోల్పోవడం ఆక్సీకరణం, గ్రహించడం క్షయకరణం. ఇచ్చేవారు లేనిదే పుచ్చుకొనేవారు ఉండరు కనుక ఈ రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి. ఉప్పు నీటి విద్యుద్వాహకతను పెంచి ఈ మార్పును త్వరితం చేస్తుంది.

విద్యార్థులను ఇక్కడ తికమకపెట్టేవి పేర్లే. క్షయమంటే నశించడం కదా! ఇనుము నశించేది మాత్రం ఆక్సీకరణంలో. ఖనిజాన్ని బొగ్గుతో కొలిమిలో కాల్చినప్పుడు ఆక్సిజన్ తొలగి ఇనుము పుట్టేది క్షయకరణంలో. ఖనిజం లోహంగా మారేటప్పుడు బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదలే ఈ పేరులోని క్షయం, నాశనం కాదు. ఎలక్ట్రాన్లను గ్రహించిన మూలకపు ఆక్సీకరణ సంఖ్య కూడా తగ్గుతుంది కనుక పేరు నేటికీ చెల్లుతున్నది. ఇక ఆక్సీకరణమనే మాట మరింత మోసం చేస్తుంది. దానికి ఆక్సిజన్ ఉండి తీరవలసిన అవసరం లేదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక నుండి సహజవాయువును తీసుకుపోయే గెయిల్ సంస్థ గొట్టం పగిలింది. ఊరిమీద కమ్మిన వాయువు అంటుకొని ఇరవైమందికి పైగా మరణించారు. ఇండ్లు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. పొడివాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీటితో కూడిన తడివాయువు ప్రవహించి, లోపలి గోడ తుప్పుపట్టిందని విచారణలో వెల్లడైంది.

మూసిన గొట్టంలోకి గాలి ఎక్కడిది? సహజవాయువులో ఉండే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే బలహీనమైన ఆమ్లం ఏర్పడుతుంది. ఇనుము వదలిన ఎలక్ట్రాన్లను ఆ ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు గ్రహిస్తాయి. ఇటువంటి గొట్టాలు ఆక్సిజన్ లేకుండానే లోలోపల తరిగిపోయేది ఈ విధంగానే. బయటపడిన మీథేన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండడమూ ఆక్సీకరణమే. ఇనుము సంవత్సరాల తరబడి పొందిన మార్పును మీథేన్ క్షణాలలో పొందుతుంది.

నేలలో పాతిన గొట్టాల వెలుపలి గోడకు మెగ్నీషియం దిమ్మెలను తీగతో కలుపుతారు. ఇనుముకంటే ముందుగా మెగ్నీషియమే ఎలక్ట్రాన్లను ఇచ్చి తాను కరిగిపోతుంది. లోపలి గోడకు ఈ రక్షణ అందదు. అక్కడ వాయువులోని నీటిని ముందే తొలగించాలి. గోడ మందం ఎంత తరిగిందో ఎప్పటికప్పుడు కొలవాలి.