రోజుకొక పాట, రోజుకొక బొమ్మ



"మూడ్ వచ్చినప్పుడు గీస్తాం అన్నా" అని బొమ్మలు వేసే తమ్ముళ్లు మాతో అంటుంటారు. పాటలు కట్టేవాళ్లదీ అదే మాట. మేమూ ఒకప్పుడు అట్లే అనేవాళ్లం. మన కళ్యాణదుర్గం వైపు రైతు విత్తనం వేయాలంటే పదును కోసం ఎదురుచూడాల్సిందే. మన జిల్లాలో ఏడాది మొత్తానికి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదునుకు కురవదు. కాబట్టి ఎదురుచూడడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కానీ బొమ్మకు, పాటకు ఆ పదునుతో పని లేదు. ఏడాది పాటు రోజుకొకటి కొత్తగా చేయడం ఎవరికైనా సాధ్యమే. చేసినదాన్ని దాచుకోవడమే అంతకంటే కష్టం. ఈ రెండు సంగతులకూ మన తెలుగువాళ్లలోనే గొప్ప ఉదాహరణ ఉంది.

అన్నమయ్య లెక్క

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో కడప సీమలోని తాళ్లపాకలో పుట్టారు. పదహారో ఏట, అంటే 1424లో సంకీర్తనలు మొదలుపెట్టి 1503లో కన్నుమూసే వరకు ఆపలేదని రాగిరేకుల మీద రాసి ఉంది. రోజుకు ఒకటికి తక్కువ కాకుండా పాడారని పెద్దలు చెబుతారు. మొత్తం 32,000 సంకీర్తనలని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము చెబుతోంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. 1424 నుంచి 1503 వరకు 79 ఏళ్లు. 79ని 365తో గుణిస్తే 28,835. అంటే రోజుకు ఒక్కటే అనుకుంటే 32,000కు ఇంకా మూడు వేలకు పైగా తక్కువ పడుతుంది. కొన్ని రోజుల్లో రెండు, మూడు కూడా పాడి ఉండాలన్నమాట. అన్నేళ్లలో జ్వరం వచ్చిన రోజులు, ప్రయాణాల రోజులు, ఇంట్లో కష్టం వచ్చిన రోజులు ఎన్ని ఉంటాయో మనం ఊహించుకోవచ్చు.

ఇంత ఎలా సాధ్యమైంది? భక్తి ఒక కారణం. చదువుకునేవాళ్లం మనం నేర్చుకోదగిన కారణాలు ఇంకా రెండు కనిపిస్తాయి. ఒకటి, కొలత ముందే సిద్ధంగా ఉండడం. ఆయన సంకీర్తనల్లో ఎక్కువ భాగానికి ఒక పల్లవి, మూడు చరణాలు, చివర వేంకటేశ్వరుని ముద్ర ఉంటాయి. ఈరోజు ఎంత పొడుగు రాయాలి, ఎట్లా ముగించాలి అని రోజూ కొత్తగా ఆలోచించే పని లేదు. రెండోది, చుట్టూ ఉన్న జనం పాటలను వాడుకోవడం. జోల, ఉయ్యాల, గొబ్బి, కోలాటం, వడ్లు దంచేటప్పుడు ఆడవాళ్లు పాడుకునే సువ్వి, ఇవన్నీ ఆయన కీర్తనల్లోకి వచ్చాయి. సరుకు కోసం ఆయన దూరం పోలేదు.

నాలుగు వందల ఏళ్ల చీకటి

ఆ పాటలను కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని ఒక చిన్న గదిలో భద్రపరిచారు. తర్వాత లోకం వాటిని మరిచిపోయింది. 1922లో అవి మళ్లీ బయటపడ్డాయి. ఇప్పుడు మనకు దొరుకుతున్నవి పన్నెండు వేల పైచిలుకు మాత్రమే. తక్కినవి పోయాయి. రాగిమీద చెక్కిన పాటలకే ఆ గతి పడితే కాగితం సంగతి చెప్పనక్కర్లేదు.

రేకుల మీద రాగం పేరు ఉంది గాని స్వరాలు లేవు. ఎలా పాడాలో ఎవరికీ తెలియదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి తర్వాత ఆ పని చేపట్టినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. ఆయన మన కళ్యాణదుర్గం ప్రాంతం మనిషే! కంబదూరు మండలం రాళ్లపల్లిలో 1893లో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగు బోధించి, తర్వాత తిరుపతికి వెళ్లి రాగిరేకుల పాటలను పరిష్కరించారు. నూరుకు పైగా కీర్తనలకు స్వరాలు కూర్చారు. 1974లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఒకరు రోజూ పాడితే, ఒకరు చెక్కిస్తే, నాలుగు శతాబ్దాల తర్వాత మన కరువు సీమలో పుట్టిన ఒకరు మళ్లీ పాడించారు.

ఇతర దేశాల్లోనూ ఇదే కథ. విన్సెంట్ వాన్ గో అనే చిత్రకారుడు 1890లో తన చివరి 70 రోజుల్లో, ఫ్రాన్సులోని ఆవేర్ అనే పల్లెలో, దాదాపు రోజుకొకటి చొప్పున 70కి పైగా చిత్రాలు వేశాడు. బతికుండగా ఆయన బొమ్మలు అమ్ముడుపోయింది చాలా తక్కువ. తమ్ముడి భార్య యోహానా వాటిని పారేయకుండా కాపాడి, ఆయన ఉత్తరాలను 1914లో అచ్చు వేయించింది. అందువల్లే ఆయన పేరు మన దాకా వచ్చింది.

మేము చేసిన పొరపాటు

పదో తరగతిలో మేము నలుగురం రోజుకొక పేజీ అని పందెం వేసుకున్నాం. ఇద్దరం బొమ్మలు, ఇద్దరం పాటలు. దసరా సెలవుల్లో ఒకడు మానేశాడు. ముగ్గురం పరీక్షల దాకా లాక్కొచ్చాం. మొదటి నెల బొమ్మల్లో మనుషులకు మెడలు ఉండేవి కావు. సంక్రాంతి నాటికి శెనక్కాయలు వలిచే అవ్వ చేతివేళ్లు చూడగానే గుర్తుపట్టేటట్లు వచ్చాయి. ఎవరూ నేర్పలేదు. రోజూ గీయడమే నేర్పింది.

పరీక్షలు అయిపోయిన రోజు పాత పుస్తకాలన్నీ కిలో లెక్కన అమ్మేశాం. ఆ నోటు పుస్తకాలు కూడా అందులోనే పోయాయి. వచ్చిన డబ్బుతో సినిమా చూశాం. మా అమ్మలు కూలికి పోయినప్పుడు పాడుకునే పాటలు కొన్ని వాటిలో రాసుకున్నాం. అవి తిరిగి అడుగుదామంటే, పాడినవాళ్లలో ఒకరు ఇప్పుడు లేరు. మిగిలినవాళ్లకు చరణాలు గుర్తు లేవు. ఆ సినిమా పేరు కూడా మాకు ఇప్పుడు గుర్తు లేదు.

మీరు చేయాలనుకుంటే

1. కొలత ముందే పెట్టుకోండి. అర పేజీ బొమ్మ, లేదా నాలుగు పంక్తుల పాట చాలు.
2. ఒకే సమయం పెట్టుకోండి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పదిహేను నిమిషాలు సరిపోతుంది.
3. ప్రతిదానికీ తేదీ వేయండి. బాగా రాలేదని పేజీ చించకండి. ఎంత ఎదిగామో తెలిసేది దానివల్లనే.
4. ఒకరోజు తప్పితే బాధపడి మానేయకండి. మరుసటి రోజు మామూలుగా మొదలుపెట్టండి.
5. దూరం పోకండి. వంటగదిలో అన్నం గుండిగ, బస్టాండు, వాకిట్లో అమ్మ రోజూ కొత్తగా వేసే ముగ్గు, అన్నీ బొమ్మలే.
6. ఏడాది చివర ఆ పుస్తకాన్ని నమ్మకమైన చేతిలో పెట్టండి. హాస్టల్ గ్రంథాలయ బీరువాలో ఒక అర కేటాయించమని వార్డెన్ సారును అడగండి.

మన ఇళ్లలో రాగిరేకులు లేవు. వంద పేజీల నోటు పుస్తకం ఉంది. దాన్ని అమ్మకండి తమ్ముళ్లూ. వచ్చే వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు ఆ పుస్తకాలు చూపించండి, కూర్చుని ఒక్కొక్క పేజీ తిరగేస్తాం.