విజిట్ వీసా మీద కొలువుకు పంపకండి

ప్రశ్న: మా తమ్ముడు పదో తరగతి తప్పాడు. దుబాయ్‌లో నిర్మాణ పని ఇప్పిస్తానని ఒక ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ మారుస్తారట. అప్పు తెచ్చి పంపమంటారా?
– ఒక సోదరి, చిల్పూర్, జనగామ జిల్లా

జవాబు: వద్దమ్మా. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా నిలదీయడానికి చేతిలో కాగితం ఉండదు. పది పాసవ్వనివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) రకం. దానిమీద గల్ఫ్ కొలువుకు వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ ద్వారా కేంద్రం అనుమతి తప్పనిసరి. విజిట్ వీసా మీద వెళ్లమనేది ఆ తనిఖీని తప్పించుకోవడానికే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అదే వెబ్‌సైట్‌లో చూడండి. ఉన్నా, సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. లక్షన్నర అడిగాడంటేనే అనుమానించాలి.

సరైన వర్క్ వీసా వస్తే ఒప్పందంలో జీతం, ఓవర్‌టైమ్, వసతి, తిరుగు టికెట్ ఎవరిదో చదివించుకోండి. ఒక ప్రతి ఇంట్లో ఉంచుకోండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాద మరణానికి 10 లక్షలు ఇస్తుంది, ఆ పాలసీ కాగితం కూడా మీ దగ్గరే ఉండాలి. అప్పు చేసేముందు హైదరాబాద్‌లోని విదేశీ కొలువులు చూపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేయించండి.