వెల్డింగ్ పని: తెలిసి ఉండవలసిన మాటలు

బతుకుతెరువు కోసం వచ్చి వెల్డింగ్ షాపులో చేరిన తెలుగు కార్మికునికి మేస్త్రీ చెప్పే పని ఏ భాషలోనైనా వినబడవచ్చు. తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా - ఊరు మారితే భాష మారుతుంది. కాని ట్యాక్, రాడ్డు, ఎర్త్, స్లాగ్ వంటి పని మాటలు మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒకటే. వీటి అర్థం సరిగా తెలిస్తే పని చెడదు, ఒంటికి హాని కలగదు. ఇంటికి గేటో, గ్రిల్లో చేయించుకునేవారికి కూడా ఇవి ఉపయోగపడతాయి.

1. అతుకు ఏర్పడే విధం

టంకం వేసినప్పుడు కరిగేది టంకపు లోహం మాత్రమే. అతికే వస్తువులు కరగవు. వెల్డింగ్‌లో ఇనుప ముక్కల అంచులు కూడా కరిగి, రాడ్డు లోహంతో కలిసి ఒక్కటవుతాయి. రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య ఉన్న సన్నని ఎడాన్ని విద్యుత్తు దాటేటప్పుడు పుట్టే తీవ్రమైన వెలుగునే ‘ఆర్క్’ అంటారు. ఉక్కు సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆర్క్ వేడి అంతకు రెట్టింపును మించి ఉంటుంది.

రాడ్డుపై ఉండే పూత పేరు ‘ఫ్లక్స్’. అది కాలి, కరిగిన లోహానికి గాలి తగలకుండా అడ్డుపడుతుంది. చల్లారిన తరువాత అతుకుపై పెంకువలె మిగిలేది ‘స్లాగ్’, తెలుగులో చిట్టెం. దానిని చిప్పింగ్ సుత్తితో కొట్టి, వైరు బ్రష్‌తో శుభ్రం చేసిన తరువాతనే రెండవ వరుస వేయాలి. లేనిచో చిట్టెం లోపల చిక్కుకొని అతుకు బలహీనమవుతుంది.

2. ట్యాక్, ఫుల్ వెల్డింగ్

ముక్కలు కదలకుండా అక్కడక్కడ పెట్టే చిన్న అతుకు ‘ట్యాక్’. దర్జీ ముందుగా వేసే కచ్చా కుట్టు వంటిది. కలిసే అంచు పొడవునా వేసేది ‘ఫుల్ వెల్డింగ్’. పై అంతస్తు బాల్కనీకి ట్యాక్ మాత్రమే పెట్టి రంగు వేసిన గ్రిల్లు చూపులకు పూర్తయినట్లే ఉంటుంది. దానిపై పిల్లవాడు ఒరిగిన రోజున గాని లోపం బయటపడదు. కనుక ఫుల్ వెల్డింగ్ అని ముందే మాట్లాడుకొని, బిల్లులో రాయించుకొని, రంగు వేయకముందే ప్రతి అతుకునూ చూసుకోవాలి. మేస్త్రీ ‘ట్యాక్ పెట్టు’ అన్నచోట కొలత సరిచూడకుండా ఫుల్ వేసిన కార్మికుడు మళ్లీ అంతా కోయవలసి వస్తుంది.

3. రాడ్డుపై సంఖ్యలు

6013 అనే సంఖ్యలో మొదటి రెండు అంకెలు అతుకు లోహపు బలాన్ని తెలుపుతాయి: చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల లాగుడు. మూడవ అంకె 1 అయితే ఆ రాడ్డును అన్ని వైపులా వాడవచ్చు. చివరి అంకె పూత రకాన్ని, దానికి తగిన కరెంటును సూచిస్తుంది. 7018 రాడ్డుకు తేమ తగలరాదు; తేమ వల్ల అతుకులో పగుళ్లు రావచ్చు. 2.5, 3.15 అనేవి లోపలి తీగ మందం, మిల్లీమీటర్లలో. కరెంటు తక్కువైతే అతుకు లోతుకు దిగదు. ఎక్కువైతే అంచు తినివేసినట్లు గాడి పడుతుంది. ఆ గాడిని ‘అండర్‌కట్’ అంటారు.

4. ఉద్యోగ ప్రకటనలలోని గుర్తులు

పలకల పనిలో 1జీ అంటే కింద పరచి వేసే అతుకు, 2జీ అడ్డంగా, 3జీ నిలువుగా, 4జీ తల పైన. 6జీ అంటే 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ వేసే అతుకు. ఇది కఠినమైన పరీక్ష. గల్ఫ్ దేశాల ఉద్యోగాలకు వెళ్లదలచినవారు ప్రకటనలో ఏ గుర్తు ఉందో చూసి, ఆ పరీక్షకు సిద్ధమైన తరువాతనే ఒప్పుకోవాలి. ఐటీఐలలో వెల్డర్ శిక్షణ ఒక సంవత్సరం. 8వ తరగతి ఉత్తీర్ణులు చేరవచ్చు.

5. ప్రాణరక్షణ మాటలు

గ్లాసు: రాడ్డు పనికి సాధారణంగా 10 లేదా 11 నంబరు నల్ల గ్లాసు వాడాలి. చలువ కళ్లద్దాలు చాలవు. ఆర్క్‌ను చూసిన కంటికి వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాత ఇసుక పోసినట్లు మంట పుడుతుంది. అప్పుడు కంట్లో పాలు, ఆకు రసాలు పోయరాదు, వైద్యుని చూడాలి. పక్కన నిలబడినవారికీ, పిల్లలకూ ఇదే ప్రమాదం ఉన్నది.

ఎర్త్: ఎర్త్ క్లాంపును పని జరిగే ముక్కకే, తుప్పు గీకిన చోట, దగ్గరగా బిగించాలి. తడి నేలపై, తడి చేతి తొడుగులతో పని చేయరాదు.

జీఐ పైపు: దీనిపై ఉన్న జింకు పూత కాలి వచ్చే పొగ పీల్చితే ఆ రాత్రికి వణుకు, జ్వరం రావచ్చు. అతుకు వేసే చోట పూతను ముందుగా తీసివేసి, గాలి బాగా ఆడే చోట పని చేయాలి.

పాత డ్రమ్ము: పెట్రోలు, రంగు, థిన్నరు ఉండిన డ్రమ్ము ఖాళీగా కనబడినా లోపల ఆవిరి నిలిచి ఉంటుంది. నిప్పు తగిలితే పేలుతుంది. ఎవరు చెప్పినా దానిని వెల్డింగ్‌తో కోయడానికి ఒప్పుకోరాదు.

అభ్యాసం

1. ట్యాక్‌కూ ఫుల్ వెల్డింగ్‌కూ భేదమేమి?
2. చిట్టెం తీయకుండా రెండవ వరుస వేస్తే ఏమవుతుంది?
3. ఖాళీ థిన్నరు డ్రమ్మును కోయమని యజమాని చెప్పినచో కార్మికుడు ఏమని బదులు చెప్పాలి?