ఫోన్ చూపే దారి, మనమెరిగిన దారి

ఎలక్ట్రానిక్ సిటీలో పని ముగించుకొని తళికి తిరిగివచ్చేవారికి చందాపుర కూడలి వద్ద ఒక నిర్ణయం ఎదురవుతుంది. 44వ జాతీయ రహదారి మీద అత్తిబెలె, హోసూరు మీదుగా రావడమా, కుడివైపు తిరిగి ఆనేకల్ మీదుగా రావడమా? ఫోన్ ఒక దారి చెబుతుంది. కొందరు అటే తిరుగుతారు, కొందరు విననట్టే సాగిపోతారు.

ఆ సూచన ఎలా పుడుతుందో ముందు తెలుసుకోవాలి. రోడ్డు మీద కదులుతున్న ఫోన్ల వేగాన్ని గ్రహించి, గత దినాల వేగంతో పోల్చి, ప్రయాణకాలాన్ని అంచనా వేస్తారు. వాహనాలు నెమ్మదించాయని దానికి తెలుస్తుంది; ఎందుకు నెమ్మదించాయో చాలాసార్లు తెలియదు. ఖాళీగా ఉన్న రోడ్డు దాని దృష్టిలో మంచి రోడ్డు. అది ఎందుకు ఖాళీగా ఉందో అడగవలసినది మనమే.

ఊరికి కొత్తవారు సూచనను ఎక్కువగా పాటిస్తారు. పోల్చి చూసుకోవడానికి వారికి మరో ఆధారం లేదు. నిత్యం తిరిగేవారు తమ అనుభవాన్నే నమ్ముతారు. రెండు నిమిషాలు కలిసివస్తాయంటే అలవాటైన దారి వదలరు. ఒకసారి ఇరుకు సందులో చిక్కుకున్నవారు ఆ సంగతి ఏళ్ల తరబడి మరచిపోరు. సూచన సరిపోయిన వంద దినాలు మాత్రం గుర్తుండవు. కారణం చెప్పిన సూచనకు మన్నన ఎక్కువ. ‘ముందు ప్రమాదం జరిగింది, ఇరవై నిమిషాల ఆలస్యం’ అంటే తిరుగుతారు, ఉత్త బాణం గుర్తుకు తిరగరు. (ఫోన్ ‘కుడివైపు తిరగండి’ అని ఆజ్ఞాపించినా, ఈ పాఠంలో ‘ఆదేశం’ అనక ‘సూచన’ అన్నది బుద్ధిపూర్వకంగానే.)

అలాగని అనుభవమే గొప్పదనలేము. మన జ్ఞాపకంలో ఉన్నది నిన్నటి రోడ్డు. అత్తిబెలె వద్ద ఈ పూట బోల్తాపడిన లారీ అందులో లేదు. అందరూ ఒకే సూచన పాటించినా చిక్కే: పక్కదారి కూడా నిండిపోతుంది. ఎవరికి వారు త్వరగా చేరే దారి ఎంచుకుంటే, అందరి కాలమూ కలిపి తక్కువ కావాలని లేదని వార్డ్రాప్ 1952లోనే వివరించాడు.

2024 మే నెలలో హైదరాబాదు నుండి కేరళ చూడబోయిన నలుగురు, కొట్టాయం జిల్లా కురుప్పంతర సమీపంలో, వాననీరు రోడ్డును కప్పిన చోట ఫోన్ పటాన్నే నమ్మి ముందుకు సాగారు. కారు వాగులో మునిగింది. అదృష్టవశాత్తు వారు ప్రాణాలతో బయటపడ్డారు. నీరు కళ్లెదుటే ఉంది; పటంలో లేదు.

మన ప్రాంతంలో నీటికంటె ఏనుగుల విషయమే ముఖ్యం. రాగి పంట చేతికొచ్చే కాలంలో బన్నేరుఘట్ట అడవుల నుండి ఏనుగుల మందలు జవళగిరి, తళి, డెంకణికోట వైపు వస్తాయి. రాత్రివేళ అటవీ దారి ఖాళీగా, వేగంగా కనిపించడానికి కారణం స్థానికులు ఆ వేళ అటు వెళ్లకపోవడమే కావచ్చు. పొద్దుగూకిన తరువాత ఫోన్ అటు తిప్పితే, అడవి మొదలయ్యేలోపు ఏ టీకొట్టు వద్దనైనా ఆగి అడగండి. ఏనుగును తమిళంలో ‘యానై’ అంటారు, కన్నడంలో ‘ఆనె’. తళిలోనైతే తెలుగులో అడిగినా జవాబు దొరుకుతుంది.