పాఠశాల క్రీడలు - పంచాయతీ సభ్యుల బాధ్యత

జాతీయ క్రీడాదినమైన ఆగస్టు 29, గణతంత్ర దినమైన జనవరి 26 - ఈ రెంటి నడుమ మన పాఠశాలలలో ఆటలపోటీలు ముమ్మరముగా జరుగును. పోటీలు జరుపువారు ఉపాధ్యాయులు. కాని అనేక గ్రామములలో ఆటస్థలము ఊరిది. చూడవచ్చు జనము ఊరివారు. కనుక పిల్లల కాపుదల అంతయు డ్రిల్లు మాస్టారిదే యని మనము ఊరకుండుటకు వీలులేదు. ఆయన కన్ను ఆటగాండ్రపై నుండును. వెనుకనున్న జనమును చూచువారు వేరుగా నుండవలెను. ఆ పని పంచాయతీది.

2021 మార్చి 22వ తేదీ సాయంకాలము సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభ సమయమున, ప్రేక్షకులకై తాత్కాలికముగా కట్టిన గ్యాలరీ యొకటి జనముతో సహా కూలినది. సుమారు నూరుమంది గాయపడిరి. వారు చూడవచ్చినవారు. ఆటలో దెబ్బలు ఆటగాండ్రకే తగులునను తలంపు మనలో బలముగా నున్నది. అది సరికాదని ఈ యొక్క ఉదాహరణమే చాటుచున్నది.

గ్యాలరీ యేల కూలును? ఒక బల్లపై పదిమంది కూర్చుండిరనుకొందము. మనిషికి 60 కిలోల చొప్పున 600 కిలోలు. అనగా 75 కిలోల వడ్ల బస్తాలు ఎనిమిది. నాలుగు వరుసలైనచో 32 బస్తాలు. ఇన్ని బస్తాలను సరుగుడు బాదులపై పేర్చి, దాని క్రింద తన బిడ్డను ఆడుకొననిచ్చు రైతు ఎవ్వడును ఉండడు. పైగా బస్తాలు కదలవు, జనము కదలును. కూతకు పోయిన పిల్లవాడు మధ్యగీత నందుకొనుటకు దూకగానే అందరును ఒక్కసారి లేచి ఒకే వైపునకు వంగుదురు. నిలువు బాదులు బరువును మోయగలవేమోగాని, ఈ ఊపును ఆపజాలవు. దానిని ఆపునవి ఏటవాలుగా అడ్డముబిగించిన బాదులే. ఖర్చు తగ్గింపవలసి వచ్చినపుడు మొదట తగ్గునవియు అవియే! వానకు మెత్తబడిన నేలలో ఒక్క గుంజ అడుగు దిగబడినను మిగిలిన గుంజలపై భారము పెరిగి అన్నియు ఒరుగును.

గ్రామములలో గ్యాలరీ కట్టకుండుటయే మేలని మా అభిప్రాయము. నేలపై పట్టాలు పరచి, ముందు పిల్లలను కూర్చుండబెట్టి, వెనుక పెద్దలు నిలుచున్నచో అందరికిని ఆట కానవచ్చును. కట్టక తప్పనిచో ఇంజనీరు స్వయముగా వచ్చి చూచి, ఎంతమంది ఎక్కవచ్చునో కాగితముపై వ్రాసి యిచ్చిన పిమ్మటనే ఎక్కనీయవలెను. పాత ప్రహరీగోడలు, రేకుల కప్పులు, ట్రాక్టరు ట్రాలీలు కూడ పోటీలనాడు గ్యాలరీలుగా మారుచుండును. వాటి దగ్గర ఒక మనిషిని నిలుపుడు. షామియానా ఇనుపకర్రలు నిలుపుచోట పైన కరెంటు తీగలు లేకుండ చూడుడు.

ఇక విసరు ఆటల సంగతి. 2019 అక్టోబరులో కేరళలోని పాలా పట్టణమున రాష్ట్ర జూనియర్ అథ్లెటిక్ పోటీలు జరుగుచుండగా, పడిన ఈటెలను ఏరి తెచ్చుటకు నియమింపబడిన ఒక విద్యార్థి తలకు, ప్రక్కనే జరుగుచున్న మరియొక పోటీలో విసరిన ఇనుపగుండు తగిలినది. రెండు విసరు పోటీలను ఒకే వేళ, ప్రక్కప్రక్కనే నడుపుచుండిరి. కొన్ని దినములకు ఆ బాలుడు మరణించెను. సాయము చేయవచ్చిన పిల్లవాడు! కాలము కలిసివచ్చునని రెండు పోటీలను ఒకేసారి పెట్టుట మన మైదానములలోను కలదు. ఈటె, గుండు, చక్రము - వీనిలో ఒక సమయమున ఒక్కటే జరుగవలెను. ఏరువారు పెద్దలై యుండవలెను. విసరువానికి వీపు చూపరాదు. విసరినదానిని నడచి తీసికొని రావలెనే గాని తిరిగి విసరరాదు. చుట్టును వల కట్టిన పంజరము లేనిచోట చక్రము, గొలుసుగుండు పోటీలు పెట్టకుండుటయే న్యాయము.

జనమునకును ఆటకును నడుమ మోకు కట్టుడు. సున్నపు గీత చాలదు. గీత మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను: గీతలకు సున్నము వాడవద్దు. అది కంటబడిన కన్ను పోవచ్చును. ముగ్గుపిండి చాలును. పొరపాటున సున్నము పడినచో కనీసము ఇరువది నిమిషములపాటు ధారగా నీటితో కడిగి, ఆసుపత్రికి పంపవలెను.

పరుగు పందెములు ఎండ ముదరకముందే ముగియవలెను. అతిథులకై పిల్లలను ఎండలో వరుసలు తీర్చి గంటలకొద్ది నిలుపుట మాకు ఎన్నడును నచ్చదు. పరుగెత్తిన పిల్లవాడు తూలుచు, తడబడు మాటలాడినచో అది వడదెబ్బ కావచ్చును. వెంటనే నీడకు చేర్చి, ఒంటినిండ నీళ్ళు పోసి విసరుచు 108కి ఫోను చేయవలెను. వాహనము వచ్చువరకు నీళ్ళు పోయుట మానరాదు. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు. కబడ్డీలో పడి మెడ నొప్పి యన్నవానిని, కాలుసేతులు ఆడనివానిని చేయిపట్టి లేపరాదు. తల కదలకుండ పట్టుకొని వైద్యసహాయము వచ్చువరకు ఉండవలెను. తలకు దెబ్బతగిలి క్షణమైనను స్పృహ తప్పినవాడు ఆ దినము మరల ఆడరాదు, గెలుపు దగ్గర నున్నను సరే. ఉరుము వినబడిన ఆట ఆపి అందరిని పాఠశాల గదులలోనికి పంపవలెను. చెట్టు, షామియానా పిడుగునుండి కాపాడవు. కడపటి ఉరుము తరువాత 30 నిమిషములు గడచినగాని బయటకు రాకూడదు.

ఇవన్నియు చూచుటకు ఒక సభ్యుని పేరు ముందుగా తీర్మానముచేసి పుస్తకమున వ్రాయుడు. ఆటను ఆపించు అధికారము ఆయన కుండవలెను; ముఖ్య అతిథి ప్రసంగించుచున్నను, ఆయన ఆపుమన్నచో ఆపవలసినదే. ఆయన వేదికపై కూర్చుండరాదు, మైదానము చుట్టును తిరుగుచుండవలెను. 108 వాహనము లోనికి వచ్చు దారిలో బండ్లు నిలువకుండ చూచుటయు ఆయన పనియే. పోటీలు ముగిసి జనము వెడలిన పిమ్మట గుంజలు పెరికిన గోతులను ఆ సాయంకాలమే పూడ్పింపవలెను. మరునాటి ఉదయము పిల్లలు అక్కడనే పరుగెత్తుదురు.