పుట్టిన బిడ్డకు దొడ్డి అవడం లేదా? హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు, ఆపరేషన్ గురించి తల్లిదండ్రులకు

నెలలు నిండి పుట్టిన పిల్లలు చాలావరకు 24 గంటల్లోపే నల్లటి జిగట మలం పోతారు. 48 గంటలు దాటినా పోకుండా, పొట్ట ఉబ్బి, పచ్చటి వాంతులు అవుతుంటే మామూలు మలబద్ధకం అనుకోవద్దు. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు కావచ్చు. సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ.

పేగు మలాన్ని ముందుకు నెట్టాలంటే దాని గోడలో నరాల కణాలుండాలి. బిడ్డ కడుపులో ఉండగానే, మొదటి మూడు నెలల్లో, ఇవి పైనుంచి మలద్వారం దాకా దిగుతాయి. కొందరిలో దారిలోనే ఆగిపోతాయి. కణాలు చేరని ఆ చివరి భాగం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. దాని పైనున్న మంచి పేగు మలం, గాలి నిండి ఉబ్బిపోతుంది. జన్యువుల్లో తేడాలు ముఖ్య కారణం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది. తల్లి తిన్న తిండి వల్లో, గ్రహణం వల్లో రాదు. ఇంట్లో ఎవరైనా తల్లిని అంటే ఈ మాట గట్టిగానే చెప్పండి.

తమలపాకు తొడిమకు ఆముదం రాసి పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. ఈ జబ్బులో అలా పెట్టి తీయగానే గాలి, మలం ఒక్కసారిగా చిమ్ముకురావచ్చు. పొట్ట తగ్గుతుంది, నయమైందనుకుంటాం. మళ్లీ ఉబ్బుతుంది. అలా చిమ్మడమే డాక్టరుకు పెద్ద గుర్తు. కాబట్టి తిడతారని దాచకుండా చెప్పండి, మళ్లీ పెట్టకండి.

పేగు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే జబ్బు ఖాయమవుతుంది. మందులతో పోదు. కణాలు లేని భాగాన్ని కోసేసి, మంచి పేగును కిందికి లాగి మలద్వారం దగ్గర కుడతారు. చాలామందికి ఒక్క ఆపరేషన్‌తో సరిపోతుంది. ఇన్ఫెక్షన్ ఉన్నా, పేగు బాగా ఉబ్బినా ముందు పొట్ట మీద దారి పెట్టి, కొన్ని నెలల తర్వాత అసలు ఆపరేషన్ చేస్తారు. ఆ సంచి చూసి భయపడొద్దు, అది తాత్కాలికమే.

పిల్లల సర్జన్ ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లి ఆరోగ్యమిత్రను కలవండి. బిడ్డ పేరు కార్డులో ఎక్కలేదని ఇంట్లో ఆగిపోవద్దు. జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల కార్డులు తీసుకెళ్లి అడగండి. ఏ ఆసుపత్రో తెలియకపోతే 104కు ఫోన్ చేయండి.

ఆపరేషన్ అయ్యాక కూడా జ్వరం, పొట్ట ఉబ్బు, దుర్వాసనతో నీళ్ల విరేచనాలు కలిసి వస్తే అది పేగు ఇన్ఫెక్షన్ కావచ్చు, ప్రాణం మీదికి తెస్తుంది. తెల్లారేదాకా చూడకుండా 108 పిలవండి.