కుక్కపిల్లకు క్రేటు అలవాటు చేయడం

పల్లెటూరి ఇళ్లలో కుక్కకు ఎవరూ పడక చూపించరు. అరుగు పక్కనో, గడ్డివాము చాటునో, బండి నీడలోనో అది తనకు నచ్చిన మూలను వెతుక్కొని పడుకుంటుంది. వెనుక మరుగు, ముందు దారి ఉన్న చోటును కోరుకోవడం దాని స్వభావం. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో అరుగు లేదు, పెరడు లేదు. అక్కడి తెలుగు కుటుంబాలు తెచ్చుకునే కుక్కపిల్లకు అటువంటి మూలను సమకూర్చే సాధనమే క్రేటు. బోను అనగానే పులి, ఎలుక గుర్తుకు రావడం సహజమే. కానీ సక్రమంగా అలవాటు చేసిన క్రేటు కుక్కకు బోను కాదు, గది.

ఎంపిక, అమరిక

కుక్కపిల్ల తల వంచకుండా నిలబడడానికి, వెనక్కి తిరగడానికి, కాళ్లు చాపి పడుకోవడానికి క్రేటులో చోటు ఉండాలి. మరీ పెద్దదైతే అది ఒక మూల పడుకొని మరొక మూల మలమూత్రాలు విడుస్తుంది. పడకను పాడుచేసుకోరాదన్న సహజ జాగ్రత్తే శుభ్రత నేర్పడానికి ఆధారం. పెద్దగా పెరిగే జాతి అయితే పెద్ద క్రేటు కొని, మధ్యలో అడ్డుపలక అమర్చి, పిల్ల పెరిగేకొద్దీ దానిని జరపవచ్చు. క్రేటును ఇంటివారు మసలే గదిలో, గాలి తగిలే చోట ఉంచాలి. ఎండ పడే బాల్కనీలో ఉంచరాదు.

అలవాటు చేసే క్రమం

తొలి రెండు మూడు రోజులు తలుపు తెరిచే ఉంచాలి. లోపల మెత్తని దుప్పటి పరచి, ఇష్టమైన తినుబండారం వేయాలి. పిల్ల తానుగా లోపలికి వెళ్లాలే తప్ప ఎవరూ నెట్టరాదు. తరువాత భోజనం గిన్నెను లోపల పెట్టి, తింటున్నంతసేపు తలుపు మూసి, తినగానే తెరవాలి. ఆపై ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట చొప్పున వ్యవధిని పెంచాలి. మొదట యజమాని ఎదురుగా కూర్చోవాలి; తరువాత పక్క గదికి వెళ్లాలి. పిల్ల బెదిరితే మునుపటి మెట్టుకు తిరిగి రావాలి. లోపల ఉన్నప్పుడు మెడపట్టీ తీసివేయాలి. అది ఊచలకు చిక్కుకొనే ప్రమాదం ఉంది. తప్పు చేసినందుకు శిక్షగా క్రేటులో పెడితే, నేర్పినదంతా వృథా అవుతుంది.

రాత్రి ఏడుపు

తల్లినీ తోబుట్టువులనూ విడిచి వచ్చిన పిల్ల తొలి రాత్రులు ఏడవడం మొండితనం కాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను విక్రయించరాదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నాయి. కనుక కొనేముందు వయస్సు అడగాలి. మొదటి వారం క్రేటును మంచం పక్కనే ఉంచితే పిల్లకు ధైర్యం, పొరుగువారికి నిద్ర రెండూ దక్కుతాయి. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆట ముగిసిన వెంటనే మలమూత్ర విసర్జనకు తీసుకువెళ్లాలి; రాత్రి మధ్యలో కూడా ఒకసారి లేవాలి. టీకాలన్నీ పూర్తయ్యేవరకు వీధికుక్కలు తిరిగే నేలపై దించకుండా, ఇంట్లోనే పాత వార్తాపత్రికలు పరచిన ఒక స్థలాన్ని కేటాయించడం క్షేమం. పార్వో వ్యాధి అటువంటి నేల నుండే సోకవచ్చు.

ఎంతసేపు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉదయం తొమ్మిదింటికి కార్యాలయానికి వెళ్లి, సాయంత్రం రద్దీ దాటుకొని ఏడింటికి ఇల్లు చేరతారు. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. పది గంటలు మూసి ఉంచితే అది తన పడకలోనే విసర్జించి, అరచి, చివరకు క్రేటునే ద్వేషిస్తుంది. పొరుగువారు ఫిర్యాదు చేస్తారు. కుక్కపిల్లను వదిలించుకోవాలనే ఆలోచన మొదలవుతుంది. కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో జంతువును ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

కాబట్టి పిల్లను తేవడానికి ముందే పగలు దానిని ఎవరు చూస్తారో నిర్ణయించుకోవాలి. దంపతులు వంతులవారీగా ఇంటి నుండి పనిచేయవచ్చు, మధ్యాహ్నం వచ్చి చూసే మనిషిని కుదుర్చుకోవచ్చు, క్రేటు చుట్టూ విశాలమైన ఆవరణ అమర్చవచ్చు. ఇవేవీ కుదరనివారు కొంతకాలం ఆగడమే ఆ జీవికి చేసే మేలు.

తలుపు తెరిచి ఉన్నా కుక్కపిల్ల తనంతట తాను లోపలికి వెళ్లి నిద్రపోయిన రోజున ఈ పాఠం పూర్తయినట్టు.